మొదటి మూకుడు

“పాలు ఇరిగినయ్ బిడ్డా, పారబోసిన,” అంది అమృతమ్మ, కడిగిన గిన్నెను గట్టు మీద బోర్లిస్తూ.

తలస్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి రాబోతున్న మాలతి గడప దగ్గరే ఆగిపోయింది. ఆ గిన్నెలో గోరువెచ్చని పాలున్నాయి. వాటిలో చక్కెర కలిపి, పైన ఈస్ట్ చల్లి, మూతపెట్టి స్నానానికి పోయింది. వచ్చేసరికి నురగ కడుతుంది, వెంటనే మైదాలో పోసి కలుపుకోవచ్చు అనుకుంది. నురగ కట్టింది కూడా. కట్టింది కాబట్టే అవి అత్తకు విరిగిన పాలయ్యాయి.

“ఇరిగిన పాలు కావత్తమ్మా. డోనట్ల పిండి కొరకు ఈస్ట్ ఏసి పెట్టిన. గట్ల నురగొస్తేనే పనికొస్తది.”

“నురగొస్తే పనికొస్తదా? మా ఇండ్లల్ల నురగొచ్చిన పాలు కుక్కలు గూడ ముట్టయ్. మూత తీస్తే గుప్పున పుల్లటి వాసన. పుట్టిన్రోజు పూట పిల్లకు పెట్టేటివి గద అని నేనే ఒంపేసిన. నాకేం తెలుసు, చెప్పి పోవాలె గద!”

చెప్పే పోయింది. ‘ఈ గిన్నె జరపకు అత్తమ్మా’ అని పొయ్యి దగ్గర నిలబడి మరీ చెప్పింది. ఆ ఇంట్లో ఆమె మాట ఫ్యాను తిరిగిన చప్పుడులాంటిది. ఆగిపోతే తప్ప ఎవరికీ వినబడదు.

మాలతికి వాదించడానికి సమయం లేదు. ఇవాళ అమరచింతలో, పోయిన వాళ్ళమ్మ భాగ్యమ్మకు పెద్దదినం, పెద్దకర్మ. ఇవాళే గద్వాలలో, ఈ ఇంట్లో, ఆడబిడ్డ వర్ష కూతురు మోక్ష పుట్టినరోజు. రెండూ ఒకేరోజు పడడం ఎవరి తప్పూ కాదు. పొద్దున్నే పిండి కలిపి డోనట్లు కాల్చి పెట్టి పోవాలని, మొగుడు అరవింద్ బండి మీద అమరచింతలో దింపి రావాలని నిన్న సాయంత్రం తీర్మానం జరిగింది. తీర్మానం చేసినవాళ్ళలో ఆమె లేదు. ఆమె అప్పుడు లోపల చాయ్ వడగడుతోంది.

అలమరలో ఇంకో ఈస్ట్ ప్యాకెట్ ఉంది. ఒకటి పాడైతే చేతిలో ఉండాలని రెండు తెచ్చుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి పాడవుతుందని, ఆ పాడైనది మళ్ళీ తనే చేయాల్సి వస్తుందని ఆమెకు అలవాటైపోయింది. పాలు మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. వేలు ముంచి చూసింది. మరీ వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది, చల్లగా ఉంటే లేవదు.

గట్టు మీద ఫోను మోగింది. తమ్ముడి భార్య శైలజ.

“వదినా, బయలెల్లినవా?”

“లే శైలజా. జర పని పడ్డది.”

“ఈడ మినపప్పు రుబ్బి పెట్టిన. చుట్టాలందరొచ్చిండ్రు. దేవమ్మ చిన్నమ్మ ఊకెనే అడుగుతుంది, బిడ్డ ఇంక రాలేదా, మూకుడు ఎప్పుడు పెడ్తరు అని. పొద్దు నెత్తికెక్కంగనె పిట్టకు పెట్టాలె గద. నువ్వు రాకుంటే నేనే పెడ్త అంటుంది చిన్నమ్మ.”

“నేనొస్తున్న. ఆమెను ఆగుమను.”

“నేనాగుమంటే ఆగుతదా వదినా? నువ్వైతే దెబ్బన రా.”

చావైన ఇంట్లో నూనె మూకుడు పొయ్యి ఎక్కదు. పూరీ ఉండదు, గారె ఉండదు, నూనె చుయ్యిమన్న చప్పుడు ఉండదు. పెద్దదినం నాడు మాత్రం మూకుడు పెట్టి, పోయినవాళ్ళకోసం గారెలు కాల్చి, వండినవన్నీ విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా చూస్తారు. మాలతి పుట్టింట్లో ఆ మొదటి మూకుడు కన్నబిడ్డ పెట్టాలి. కొడుకు కొరివి పెడతాడు, బిడ్డ మూకుడు పెడుతుంది. భాగ్యమ్మ కూడా తన తల్లికి పెట్టింది. ఆ రోజు మాలతి పక్కనే కూర్చుంది. “సచ్చినోల్ల గారెకు నడుమ బొక్క పెట్టొద్దు బిడ్డా, యాదుంచుకో,” అని చెప్పింది అమ్మ. తర్వాత నవ్వి, “నాకు నువ్వే పెట్టాలె మల్ల. నీ చేతి గారె నూనె గుంజదు. నీ తమ్ముని పెండ్లాం ఎసొంటిదొస్తదో ఎవనికెరుక!” అంది. అప్పటికి తమ్ముడు నాగేశ్‌కు పెళ్ళి కాలేదు, నిక్కర్లు వేసుకుని తిరుగుతున్నాడు.

అమ్మ పోయినప్పటి నుంచి మాలతి ఈ ఇంట్లో మూకుడును ఏదో ఒక సాకుతో తప్పించుకుంటూ వస్తోంది. మామ కృష్ణయ్య బజ్జీలు అడిగితే శనగపిండి పురుగు పట్టిందంది. అరవింద్ పూరీలంటే చపాతీలు చేసి పెట్టింది. ఎవరికీ పట్టలేదు. మొన్న వర్ష హైదరాబాదు నుంచి దిగి డోనట్ల మాట ఎత్తాకే అసలు సంగతి బయటపడింది.

“మా అమ్మ దినమయ్యేదాక నేను మూకుడు పెట్టనొదినా,” అంది మాలతి. గొంతు పెంచకుండానే అంది. అమృతమ్మ వత్తులు చేసుకుంటున్నదల్లా తలెత్తింది.

“నీకింక ఏం మైల? పెండ్లైన ఆడపిల్లకు పుట్టింటి మైల మూడొద్దులే. మూడోనాడు తలకు పోసుకున్నవ్, అయిపోయింది. నీ ఇంటిపేరు మాది, నీ గోత్రం మాది. సచ్చింది మా ఇంట్ల మనిషి కాదు గద.”

అత్త ఆ మాట కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అంది. అమ్మ పోయిన మూడో రోజు సాయంత్రమే అరవింద్ బండేసుకుని అమరచింత వచ్చాడు. “పోదమా,” అన్నాడు. అమ్మ కట్టు చీర ఇంకా దండెం మీదే ఉంది. ఆరింది, మడత పెట్టేవాళ్ళు లేరు. దాన్ని మడత పెట్టి వస్తానంటే, “చీకటైతది, డ్యాం మీద లైట్లుండయ్,” అన్నాడు. మర్నాడు బడికి పోయింది. ఆమె పట్టణంలో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతుంది. ఇంకో నాలుగు రోజులు సెలవు కావాలని అడిగితే కరస్పాండెంటు సారు బాధగానే ముఖం పెట్టాడు. “అత్తగారైతే దినాలయ్యేదాకా ఇచ్చేవాళ్ళం మేడం. తల్లేగదా,” అన్నాడు. మాలతి థాంక్యూ సార్ అని చెప్పి బయటికొచ్చింది. థాంక్యూ ఎందుకు చెప్పిందో క్లాసులో భిన్నాలు చెబుతుంటే గుర్తొచ్చి సుద్దముక్క విరిగిపోయింది. పిల్లలు నవ్వారు. తల్లిని కూడా రోజుల లెక్కన భిన్నాలు చేసి ఎవరి వాటా వాళ్ళకు పంచేశారని, తనకు వచ్చిన వాటా అయిపోయిందని ఆ పిల్లలకు ఎట్లా చెప్పడం?

పాలు ఈసారి కూడా నురగ కట్టాయి. ఈసారి మాలతి కదలకుండా గిన్నె పక్కనే నిలబడి కాపలా కాసింది. మైదా, కోకో పొడి, ఉప్పు కలిపి, నడుమ గుంట చేసి, పాలు పోసి, గుడ్డు కొట్టి వేసింది. పిండి మొదట చేతులకు జిగురులా అంటుకుని సతాయించింది. కొంచెం కొంచెం వెన్న వేస్తూ అరచేతి మొదలుతో వత్తి, మడిచి, మళ్ళీ వత్తింది. ముసురు పట్టిన పొద్దు. కిటికీలో ఎండ లేదు. ఎండ ఉంటే పిండి తొందరగా పొంగేది. స్నానాల నీళ్ళు కాగిన బిందె ఇంకా వేడిగా ఉంటే, దాని మూత మీద పిండి గిన్నె పెట్టి, పాత దుప్పటి కప్పింది.

అప్పుడే వర్ష లోపలికి వచ్చింది. చేతిలో ఫోను, తలకు హెన్నా.

“ఇంక పిండి కాడనే ఉన్నవా మాలతీ! నేను కాలుస్తున్నవేమో, వీడియో తీద్దమని వస్తే.”

“పొద్దుగాల కలిపింది పోయింది వదినా. మల్ల కలిపిన.”

“అమ్మ చెప్పింది. పాపం ఆమెకేం తెలుసు.” వర్ష దుప్పటి ఎత్తి చూసి మళ్ళీ కప్పింది. “సైజు సమానంగ రావాలె మరి. నడుమ బొక్క గుండ్రంగ. మా ఫ్లాట్లోళ్ళకు ఫొటోలు పంపాలె. బేకరీల కొందమంటే ఆ నూనె ఎన్నడిదో, ఆ మైదా ఏందో. కొత్తకోట నుంచి తెప్పిద్దమంటే బస్సుల వచ్చేసరికి గట్టిపడ్తయి. నువ్వు చదువుకున్నదానివి, ఒక్కసారి చూస్తే చాలు చేసేస్తవ్. నాకైతే గంత ఓపిక లేదు తల్లీ!”

ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివింది మాలతే. ఆమె పుట్టింటి వైపు బడి మెట్లెక్కినవాళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటిది కూడా ఆమే. గ్యాస్ బుక్ చేయాలన్నా, మామ పింఛను ఆన్‌లైన్లో చూడాలన్నా, డోనట్లు పొంగించాలన్నా ఆ డిగ్రీ అందరికీ గుర్తొస్తుంది. ఒక మాట చెప్పబోతే మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అరవింద్‌కు ఫోను చేసింది. అతను ఒక విత్తన కంపెనీకి రైతులతో సీడుపత్తి వేయించే పని చూస్తాడు. పత్తి పూలకు చేత్తో పుప్పొడి రుద్దే రోజులు. తెల్లారకముందే చేనుకు పోయాడు.

“బండేసుకొని ఎప్పుడొస్తవ్?”

“ఆడోళ్ళు చేన్ల దిగిండ్రు మాలతీ. పూలు వాడకముందే పని కావాలె. నేను ఇడిచిపెట్టొస్తే ఒక్కరు గూడ సక్కగ చెయ్యరు. మధ్యాహ్నం వస్త.”

“మధ్యాహ్నానికి పిట్టకు పెట్టుడే అయిపోతది.”

“పెట్టెటోళ్ళు ఉన్నరు గద అక్కడ. నువ్వు భోజనం టైముకు పోయి మొఖం చూపిస్తే సాలు. అక్క ఏడాదికొక్కసారి వస్తది. జర అడ్జస్ట్ చేసుకో. పరేషాన్ గాకు.”

పరేషాన్ గాకు అన్నప్పుడు అరవింద్ గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. వాడకట్టులో అందరూ ‘మంచి మొగుడు దొరికిండు’ అంటారు. ఆ మంచితనం మీద ఆమె ఎన్నిసార్లు నడుం వాల్చబోయి కింద పడిందో ఎవరికీ తెలియదు. ‘మొఖం చూపిస్తే సాలు.’ తను ఇప్పుడు ఎవరికి మొఖం చూపించాలి? చూడాల్సిన మనిషి కళ్ళు మూసుకుని పోయింది.

దుప్పటి ఎత్తి చూసింది. పిండి కొంచెం కదిలింది. ఇంకా రెట్టింపు కాలేదు. వేలితో నొక్కితే గుంట వెంటనే నిండుతోంది. అంటే ఇంకా సమయం పడుతుంది. కిటికీలోంచి ఆకాశం చూసింది. మబ్బులో పొద్దు ఎక్కడుందో తెలియడం లేదు. పిండిని తొందరపెట్టలేదు, పొద్దును ఆపలేదు. ఆ రెండింటి నడుమ వంటింట్లో నిలబడి గ్లాసులు తోమింది, హాల్లో బెలూన్లు కట్టడానికి దారం వెతికి ఇచ్చింది, వర్షకు చాయ్ పెట్టింది. చేతులు పని చేస్తూనే ఉన్నాయి. మధ్యమధ్య కిటికీ దగ్గరికి పోయి పొద్దు కోసం చూసి వస్తోంది.

ఎట్టకేలకు పిండి పొంగింది. చపాతీ పీట మీద మందంగా వత్తి, స్టీలు గ్లాసు బోర్లించి గుండ్రంగా కోసింది. నడుమ సీసా మూతతో నొక్కి తీసింది. కోసినవన్నీ తడిగుడ్డ కింద మళ్ళీ పొంగడానికి పెట్టింది. అత్త వచ్చి తొంగి చూసింది.

“గింతేనా! బొక్క గారెలే గద ఇవి. దీనికింత తతంగమా?” అంటూనే అమృతమ్మ మేకుకున్న పెద్ద మూకుడు తీసి పొయ్యి మీద పెట్టింది. డబ్బా వంచి నూనె పోసింది. “ఇగో, నీ మనసుల ఉన్నది నాకు ఎరుకే. మూకుడు నేనే పెట్టిన, నూనె నేనే పోసిన. నీకేం దోషం లేదు. అగ్గి ముట్టిచ్చి కాలిస్తే అయిపాయె.”

దయగానే అంది. మాలతి అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది కూడా. కాల్చేసి పోతే అయిపోతుంది కదా అనుకుంది. ఎంతసేపు? ఈ ఒక్క వాయి, ఆ ఒక్క వాయి. చాక్లెట్ వేడినీళ్ళ గిన్నె మీద కరుగుతూనే ఉంది. ముంచి పళ్ళెంలో పెట్టడమే. ఆటో దొరికితే బస్టాండు, బస్సు దొరికితే జూరాల డ్యాం దాటి అమరచింత. చిన్నమ్మ అప్పటికి మూకుడు పెట్టకుండా ఉంటుందా?

“అత్తా! అత్తా, దా!” హాల్లోంచి మోక్ష అరిచింది.

మాలతి అగ్గిపెట్టె గట్టు మీద పెట్టి బయటికొచ్చింది. పీట మీద కొత్త గౌనులో మోక్ష కూర్చుని ఉంది. నెత్తి మీద అక్షింతలు. అమృతమ్మ హారతి పళ్ళెం పట్టుకుంది. పక్కింటి ఇద్దరు ముత్తైదువలు బొట్టు పెట్టి పక్కకు జరిగారు.

“అత్త కూడా బొట్టు పెట్టాలె నాకు. అత్త డోనట్లు చేస్తుంది,” అంది మోక్ష, నుదురు ముందుకు చాపి.

మాలతి నవ్వి, కోకో అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుని, కుంకుమ భరిణె వైపు చెయ్యి చాచింది.

“నువ్వు వద్దు బిడ్డా,” అంది అమృతమ్మ. పళ్ళెం కొంచెం తన వైపుకు లాక్కుంది. “తల్లి పోయినదానివి. నీకు ఏడాది మైల. దీపం కాడికి రావొద్దు. దూరం నుంచే అక్షింతలు ఎయ్యి. అవి గూడ వద్దులే, మనసుల అనుకో.”

పక్కింటివాళ్ళు నేల చూశారు. వర్ష గొంతు తగ్గించి, “ఏమనుకోకు మాలతీ. పిల్ల పుట్టిన్రోజు గద, మంచిది గాదని,” అంది.

మాలతి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తన వేళ్ళను తానే చూసుకుంది. గోళ్ళలో పిండి ఉంది. ఈ పూటంతా ఈ వేళ్ళు కలిపిన పిండినే సాయంత్రం అందరూ తింటారు. మోక్ష తింటుంది, పక్కింటివాళ్ళు తింటారు, ఫొటోలు తీసి హైదరాబాదు పంపుతారు. కడుపులోకి పోయేదానికి లేని మైల నుదుటి మీది బొట్టుకు వచ్చింది. పని ఉన్న చోట తను ఈ ఇంటిపేరు మనిషి. మన్నన ఉన్న చోట తల్లి చచ్చిన ఆడపిల్ల. ఇంతకాలం కూడా ఇంతేగా అనిపించింది. పెళ్ళయినప్పటి నుంచి ఎన్నో సంగతుల్లో ఇంతే. ఎప్పుడూ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

“అత్తమ్మా, ఒక్క మాట చెప్పు. నాకు మైల ఉన్నదా, పోయిందా?”

“ఏందా అడుగుడు?”

“ఉంటే నేను మూకుడు పెట్టను. పోతే పిల్లకు బొట్టు పెడ్త. రెండిట్ల ఒక్కటి చెప్పు.”

“గిప్పుడు ఇదంత ఎందుకు మాలతీ!” అంది వర్ష. “ఎదురుంగ దీపం ఎలుగుతుంటే...”

“వంటింటికి వేరే, దేవునింటికి వేరే,” అంది అమృతమ్మ.

“మనిషినొక్కదాన్నే గదత్తమ్మా. వంటింట్ల పోయిన మైల హాల్లకు రాంగనె మల్ల ఎట్లొస్తది?”

అమృతమ్మ ముఖం ఎర్రబడింది.

“నాతోని మాటకు మాట అంటున్నవా? పెద్దోల్లు నాకు చెప్పిందే నేను చెప్తున్న. నేను చెయ్యలేదా? మా అవ్వ పోయిన ఐదోనాడు ఇదే ఇంట్ల, మీ చిన్నమామ పెండ్లికి బూరెలు కాల్చిన. గంపలకు గంపలు! కండ్లల్ల నీళ్ళు నూనెల పడి చిటచిట ఎగిరితే చెయ్యంత బొబ్బలెక్కింది. ఎవరన్న అడిగిండ్రా, అమృతా, నీకేమన్న ఉన్నదా అని? కాల్చుడంత నాతోని కాల్పిచ్చుకొని పందిట్లకు మాత్రం రానియ్యలే. తల్లి సచ్చినదానివి, అటు పోవద్దన్నది మా అత్త. పొయ్యి కాడనే కూసున్న. మేళాలు వినబడ్డయ్, పెండ్లి కనబడలే. మరి నేను బతకలేదా? సచ్చిన్నా?”

అంత చెప్పాలని ఆమె అనుకోలేదు. వర్ష తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఈ సంగతి ఆమెకూ ఎప్పుడూ తెలియదు.

మాలతిలో ఉడికిన కోపం ఒక్కసారిగా ఎటు పోయిందో పోయింది. అత్త కుడిచేతి మీద, మణికట్టు పైన, నున్నగా మెరిసే మచ్చలు ఆమె రోజూ చూస్తుంది. పొయ్యి దగ్గర ఎప్పుడో కాలి ఉంటుంది అనుకుంది తప్ప అడగలేదు.

“మరి రాయచూరు దిక్కు మీ పుట్టింట్ల మీ అవ్వకు మూకుడు ఎవరు పెట్టిండ్రత్తమ్మా?” అంది మెల్లగా.

అమృతమ్మ పెదవులు కదిలాయి. కళ్ళు ఎక్కడో వెతికాయి. అక్కను తలుచుకుందో, మేనత్తను తలుచుకుందో. ఎంతసేపు వెతికినా ఒక్క ముఖమూ దొరకనట్టుంది.

“తెల్వదు,” అంది. “నేను అడగలే,” అంది.

హారతి కర్పూరం కొండెక్కింది. ఎవరూ మళ్ళీ వెలిగించలేదు.

మాలతి వంటింట్లోకి పోయి చేతులు కడుక్కుంది. కరుగుతున్న చాక్లెట్ కింద మంట ఆపింది. చీర మార్చుకోలేదు. మేకుకు తగిలించిన సంచి భుజాన వేసుకుని హాల్లోకి వచ్చింది.

“వదినా, డోనట్లు తడిగుడ్డ కింద ఉన్నయ్. ఇంక జర పొంగాలె. నూనె మరీ కాగనియ్యొద్దు, పైన మాడి లోపల పచ్చిగుంటయ్,” అంది. పిల్లలకు లెక్క చెప్పినట్టే చెప్పింది. “మోక్షా, పుట్టిన్రోజు మంచిగ జరుపుకో బిడ్డా. అత్త ఊరికి పోయొస్తది.”

“ఎవరు కాలుస్తరు మరి?” వర్ష గొంతు పెంచింది. “అమ్మా, ఏందిది? చెప్పవేంది?”

అమృతమ్మ ఆరిన హారతి పళ్ళెం చేతిలో పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. మాలతి దగ్గరికొచ్చి ఆగింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమృతమ్మ పక్కకు జరిగింది. దారి ఇవ్వడానికి జరిగిందో, గోడకు ఆనుకోవడానికి జరిగిందో మాలతికి తెలియలేదు. ఆగి అడగలేదు.

ఆటో మలుపు దగ్గరే దొరికింది. బస్సు కదులుతుంటే ఎక్కింది. డ్యాం దగ్గర చేపలు కాల్చే గుడిసెల ముందు కార్లు అడ్డం పెట్టి బస్సును ఆపేశారు. డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. కాగిన నూనె వాసన కిటికీలోంచి లోపలికి కొట్టింది. మాలతి మెడ చాచి ఆకాశం చూసింది. మబ్బు పలచబడి, తెల్లటి మచ్చలాగా పొద్దు కనబడింది. నెత్తి మీదికి ఇంకా రాలేదు. వస్తోంది.

ఫోను మోగింది. అరవింద్.

“యాడున్నవ్? ఏం జేసినవ్ మా అమ్మను? అక్క ఏడ్సుకుంట ఫోన్ చేసింది. అమ్మ మూకుట్ల నూనె మల్ల డబ్బాల ఒంపేసిందట. మూకుడు తోమి దొడ్లె బోర్లిచ్చి వచ్చిందట. ఇయ్యాల ఈ ఇంట్ల గూడ మూకుడు లేదు, ఎవరన్న పెడ్తే నేను ఊరుకోను అని మూలకు కూసున్నదట. ఏమన్నవ్ ఆమెను?”

కిటికీ అవతల నీళ్ళు గేట్ల కింద నుంచి తెల్లగా దూకుతున్నాయి. ఎప్పటిదో రాయచూరు దగ్గరి ఒక ఊళ్ళో ఒక చావింట్లో, బిడ్డ రాకుండానే మూకుడు పెట్టేసిన పొయ్యి ఒకటి ఆమెకు కనబడింది.

“ఏమనలే. ఒక్క మాట అడిగిన.”

“మరి డోనట్లు? సాయంత్రం అందర్ని పిలిచింది అక్క!”

“అత్తమ్మ ఇయ్యాల వద్దన్నదంటే వద్దు. పిండి ఫ్రిజ్‌ల పెట్టుమను, రేపటిదాక ఏం గాదు. రేపు నువ్వు కాల్చు. నీకు ఏ మైలా లేదు గద.”

అవతల నుంచి ఏదో అనబోయాడు. బస్సు ముందున్న కారు పక్కకు జరిగింది. బస్సు ఒక్క కుదుపుతో డ్యాం మీదికెక్కింది, లైను తెగింది. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి శైలజ. వెనుక నుంచి దేవమ్మ చిన్నమ్మ గొంతు, ‘ఇంక ఎంతసేపు కూసోవాలె’ అంటూ.

“వదినా, ఏడిదాక వచ్చినవ్? చిన్నమ్మ ఆగుతలేదు. పొయ్యి కాడికి పోతుంది. ఏం చెయ్యమంటవ్?”

“పొయ్యి ముట్టియ్యి శైలజా,” అంది మాలతి. “నూనె మాత్రం ఎవర్నీ ముట్టనియ్యకు. అది నేనొచ్చి పోస్త.”